రుద్రభూమిలో పెద్దల సమాధిని గుర్తించుట



“మా తాతగారి సమాధి ఎచ్చట నున్నదో తెలియకున్నది, కనుగొను మార్గమేమి?” అని అడుగు శరణ బంధువుల సంఖ్య నానాటికి పెరుగుచున్నది. గ్రామము విడిచి రెండు మూడు తరములైన కుటుంబముల నుండియే ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చుచున్నది. దహన సంస్కారము గలవారికి ఈ చిక్కు లేదు. చితాభస్మము నదిలో కలిసిన పిదప వెదకుటకు చోటు మిగులదు. మన పెద్దలన్ననో లింగముతో కూడ భూమిలో ఆసీనులై యున్నారు. చోటు ఉన్నది, దాని నెరిగినవారే తరిగిపోవుచున్నారు. కావున ఈ విషయమును గూర్చి కొంత విచారింతము.

వెదకుటకు పూర్వము, ఎందులకు వెదకుచున్నామో నిశ్చయించుకొనవలెను. కొందరు జాతకము చూపించుకొని, పితృదోషమున్నదని ఎవరో చెప్పగా, పరిహారము కొరకు సమాధిని వెదకుచు బయలుదేరుచున్నారు. ఇది మన ఆచారమునకు సమ్మతము గాదు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఐదు సూతకములును లింగధారికి లేవు. షట్‌స్థలములలో కడపటిది ఐక్యస్థలము. భక్తుడుగా మొదలిడి లింగమునందు ఐక్యమైనవాడు ప్రేతమై తిరుగుట ఎక్కడిది? పిండము కొరకు ఎదురు చూచుట ఎక్కడిది? “లింగైక్యులైరి” అని పత్రికలు అచ్చువేయించి, మరునాడే వారి శాపమునకు భయపడుట ఒక నోట రెండు మాటలాడుట యగును. పైగా భయముతో బయలుదేరినవాడు ఏదో ఒక రాతికి విభూతి పూసి, పని తీరినదని ఇంటికి మరలును. అది తనవారిదా, పరులదా అని తెలిసికొను ఓపిక వానికుండదు.

మరి కట్టడములకన్న కదలు చైతన్యమునకే పెద్దపీట వేసి, దేహమునే దేవాలయముగ చూపిన బసవన్న మార్గమున, ఒక మట్టిదిబ్బకు ఇంత విలువ ఏల అని యువకులు అడుగుదురు. సరియైన ప్రశ్నయే. దీనికి కూడలసంగమము వంక చూచిన కొంత సమాధానము దొరకును. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమున బిజ్జలుని మంత్రిగా నుండిన బసవేశ్వరుడు, అచ్చటి కల్లోలము పిదప కృష్ణా మలప్రభల సంగమమునకు మరలి వచ్చి ఐక్యమందెను. ఆ సంవత్సరము 1167 అని పలువురు, 1196 అని కొందరు చెప్పుదురు. నారాయణపురము వద్ద కృష్ణపై కట్టిన ఆనకట్ట 1982లో పూర్తియైనది. ఆ జలాశయపు వెనుక నీరు సంగమమును చుట్టుముట్టినది. ఐక్యస్థలము మునిగిపోకుండ దాని చుట్టును బావి వలె ఎత్తైన గోడ కట్టిరి. నేడు యాత్రికుడు నీటి నడుమ నున్న ఆ మంటపమునకు పోయి, మెట్లు దిగి, నీటిమట్టమునకు క్రిందుగ నున్న ఐక్యలింగమును దర్శించుచున్నాడు. అంత శ్రమపడినవారు బసవన్న బోధను మరచినవారు కారు. ఆ రాతిలో బసవన్న ఉన్నాడనియు వారు తలపలేదు. తమకు చేతిలింగమును చూపినవాని జాడ తమ కాలమున చెరిగిపోరాదని తలచిరి, అంతే. మన ఇంట మొదట లింగదీక్ష నొందిన ముత్తాతయు మనకు అట్టివాడే. అట్లని సమాధి దొరకనివారికి లోటు కలదని కాదు. అల్లమప్రభువు, అక్కమహాదేవి ఐక్యమందిరని చెప్పు శ్రీశైలమున గుహను, కదళీవనమును చూపుదురే గాని రాతి సమాధిని చూపరు.

ఇక వెదకు విధము. మన సమాధి రూపము తెలిసినచో సగము పని తీరును. పరుండబెట్టి పూడ్చిన గోరీ నిడుపుగా నుండును. మనవారిని పద్మాసనమున కూర్చుండబెట్టి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచి, విభూతి, బిల్వపత్రి, ఉప్పు వేసి పూడ్తురు. కావున గుంత లోతుగాను, పైన కనబడు గద్దె దాదాపు చతురస్రముగాను ఉండును. ముఖము తూర్పునకో ఉత్తరమునకో ఉంచుట వాడుక. ఇది ఊరూరికి మారును గనుక ఆ గ్రామపు జంగమయ్యను అడిగి తెలిసికొనవలెను. కలిగినవారు గద్దెపై లింగమును, నందిని నిలుపుదురు. లేనివారు ఒక నిలువురాయి పాతుదురు. అదియు లేనివారు గుండ్లు పేర్చి ఒక చెట్టు నాటుదురు. అయితే కూర్చుండబెట్టి సమాధి చేయుట మనకొక్కరికే గాక సన్న్యాసులకును, మరి కొన్ని కులములవారికిని కలదు. చతురస్రముగ నున్నదంతయు మనదే యనుకొనరాదు.

ముందు మనుష్యులను, పిదప కాగితములను, కడకు రాళ్లను అడుగవలెను. మనవారు ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదటనే బొందలగడ్డలో దిగి ముళ్లకంపలు నరకుచుందురు. మనుష్యులలోను ఎవరిని అడుగవలెనో తెలియవలెను. కొడుకులు ఊరు విడిచిపోయినను, ఆ ఊరికి వచ్చిన కోడండ్రు అచ్చటనే నిలిచిపోవుదురు. ప్రక్క గ్రామములకిచ్చిన ఆడుబిడ్డలకును పుట్టినింటి సంగతులు మగవారికన్న బాగుగ జ్ఞాపకముండును. గుంత తీయు వృత్తివారి ఇంట, ఆ గడ్డపై గొర్రెలు మేపినవారి ఇంట తరతరముల ఎరుక కలదు. వారిని “ఫలానా వారి సమాధి ఏది?” అని అడిగిన లాభము లేదు. కాగితముపై నున్న పేరు వారికి తెలియదు. ఆయనను ఊరు ఏ పేరుతో పిలిచెనో ఆ పేరుతో అడుగవలెను. వానలలో పోయెనా, ఎండలలో పోయెనా, విమానమును ఏ బాటన తీసికొనిపోయిరి, ఎవరి చేని గట్టున దింపిరి అని అడుగవలెను. ముసలివారికి బాట జ్ఞాపకము వచ్చినచో చోటు దానంతటదియే వచ్చును.

ఇచట ఒక మాట. పెద్దలు స్వగ్రామముననే ఐక్యమైరని ముందుగనే నిశ్చయించుకొనరాదు. పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథుడు కన్నడ దేశమున మాగడి చెంతగల కల్య గ్రామమున ఐక్యమయ్యెనని ప్రతీతి. సంతలు తిరిగిన బలిజలు, భిక్షాటనమున ఊరూరు తిరిగిన జంగములు దారిలోనే లింగైక్యులై, ఆ ఊరి మఠము వెనుకనే సమాధియైన సందర్భములు లేకపోలేదు. ఇంట “ప్రయాణమున పోయిరి” అను మాట మిగిలియున్నచో, వారు తిరిగిన బాట వెంట నున్న మఠములను అడుగవలెను.

కాగితముల సంగతి. తెలంగాణ గ్రామములకు తొలి సర్వే నాటి సేత్వారు, గ్రామ నక్షా ఉన్నవి. శ్మశానమునకు ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరములు అనునది వానిలో కనబడును. ఆంధ్ర ప్రాంతపు రికార్డులలో శ్మశాన పోరంబోకు అని వ్రాసియుండును. 1984లో పటేలు, పట్వారీ, కరణముల పదవులు రద్దయినవి. వారి నోట నున్న ఎరుక వారితో పోయినను ఈ కాగితములు నిలిచినవి. పెద్దలను సొంత పొలముననే సమాధి చేసి, తరువాత ఆ పొలమును అమ్ముకొన్న కుటుంబములు పాత దస్తావేజు నకలు తీయించవలెను. “సమాధులున్న స్థలము మినహా” అని కొన్నిటిలో వ్రాసియుందురు. మన దస్తావేజున లేకున్న నిరాశపడరాదు. ప్రక్క చేనివారి దస్తావేజులో హద్దులు చూడవలెను. మనము మరచిన సమాధిని ప్రక్కవాడు తన పడమటి హద్దుగ వ్రాయించుకొని యుండవచ్చును. హద్దు విషయమున మరుపు ఎవరికిని రాదు గదా.

రాతిపై అక్షరములుండుట అదృష్టము. అవి అరిగియున్నచో సుత్తితోను, ఇనుప కుచ్చుతోను తోమరాదు, ఆమ్లము పోయరాదు. ఉదయమో సాయంకాలమో ఏటవాలు ఎండలో చూచిన పట్టపగలు కనబడని గీతలు కనబడును. చీకటిలో ప్రక్కనుండి దీపము చూపినను అంతే. సరిహద్దు తాలూకాలలో కన్నడ లిపి, మరాఠీ మోడి లిపి కూడ ఎదురుకావచ్చును. పాత తెలుగు అంకెలలో ౨, ౩ అరిగినచో ఒకదానివలె నొకటి తోచును.

కాలనిర్ణయమున పొరపాట్లు మెండు. శకసంవత్సరమున్నచో 78 కలుపగా క్రీస్తు శకము వచ్చును. ఫసలీయైనచో 590 కలుపగా ఆ ఫసలీ మొదలైన ఆంగ్ల సంవత్సరము వచ్చును. 1328 ఫసలీ 1918లో మొదలైనది. నిజాము రాజ్యమున ఫసలీ అక్టోబరులోను, మదరాసు రాజధానిలో జూలైలోను మారెడిది. కాని మన రాళ్లపై ఎక్కువగా ప్రభవాది సంవత్సర నామమే యుండును. అది అరువది ఏండ్లకొకసారి తిరిగివచ్చును. కాళయుక్తి యన్న 1858, 1918, 1978 మూడును కావచ్చును. సంవత్సరము ఉగాదికి మారును గనుక, కాళయుక్తి మాఘమన్నది 1918 గాక 1919వ సంవత్సరపు మొదటి నెలలలోనిది. తండ్రి వయస్సును, తాత వయస్సును లెక్కించి ఏ ఆవృత్తిలోనిదో తేల్చుకొనవలెను.

ఇంత తెలిసినట్లు వ్రాయుచున్న నేను, మా కుటుంబముతో కలిసి ఈ విషయముననే తప్పు చేసినవాడను. దానిని దాచుట న్యాయము కాదు.

మా పూర్వుల గ్రామము పాలమూరు జిల్లాలోనిది. 1918వ సంవత్సరపు కాళయుక్తిలో దేశమంతట ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వ్యాపించి కోటికి పైగా జనము మరణించిరి. ఆశ్వయుజమున మా ఇంటను మా ముత్తాతతో కూడ ఐదుగురు వరుసగ పోయిరి. మా తండ్రిగారు తమ చివరి ఏండ్లలో ఆ చోటు ఒకసారి చూడవలెనని పలుమార్లు అడిగిరి. ఈ వేసవి కాదు, వచ్చే వేసవి అని నేను వాయిదా వేసితిని. వారికి చూపకయే వారు లింగైక్యులైరి. 2008లో, ఆ బాధతో, మేము అన్నదమ్ములము నలుగురము కారు కట్టించుకొని ఊరు చేరితిమి. ఊరిలో ఎవరిని సరిగా విచారింపలేదు. రుద్రభూమిలో లింగము, నంది చెక్కిన పెద్ద గద్దె ఒకటి కనబడినది. పేరు లేదు. సంవత్సరము చోట “క్త” అను అక్షరము మాత్రము మిగిలినది. “కాళయుక్తి!” అని మా తమ్ముడు కేక వేసెను. మా వంశము ఆ ఊరిలో కలిగినది గనుక అంత గద్దె మాదే కావలెనని మా మనస్సులు ఒప్పుకొన్నవి. సున్నము వేయించి, ముత్తాతగారి పేరుతో నల్లరాతి పలక బిగించి, ఫొటోలు తీసికొని వచ్చితిమి.

మరుసటి ఏడు శివరాత్రికి మరల పోయితిమి. ఆ గద్దె ముందు ఎనుబది ఏండ్ల ముసలమ్మ ఒకతె, నుదుట విభూతి, ఒడిలో మారేడు ఆకులు పెట్టుకొని నేలపై కూర్చుండి పలకను చేతితో తడవుచున్నది. ఆమెకు చదువు రాదు. మమ్ము చూచి, “ఇదేం రాయి బిడ్డా? మా పెద్దవ్వను ఎవలు తీస్కపోయిండ్రు?” అని అడిగినది. మాకు మొదట అర్థము కాలేదు. అర్థమైన పిదప నోట మాట రాలేదు. అది ఆమె అత్తగారి అత్తగారి సమాధి. సంవత్సరము కాళయుక్తి కాదు, రక్తాక్షి. అనగా 1924. రెండింటను “క్త” ఉన్నది. మాకు కావలసిన పేరు మేము చదువుకొంటిమి. అరువది ఏండ్లకు పైగా ప్రతి శివరాత్రికి ఆమె అచ్చటికి వచ్చుచున్నది. ఆమె పెద్దవ్వపై మేము మా ముత్తాత పేరు బిగించితిమి.

మేము క్షమింపుమని చేతులు జోడించితిమి. ఆమె కోపపడలేదు. “మీరు షావుకార్లోళ్ల మనుమలా? మీవోళ్లు గాడ లేరు బిడ్డా. ఆ యాపచెట్టు కాడ ఐదు రాళ్లుంటయి. జరాల యేడు పోయిండ్రని మా అత్త చెప్తుండె. ఒక్కొక్క దినం ఒక్కలు. రాయి చెక్కనీకి మనిషి లేకుండె” అని చెప్పి, కట్టె పట్టుకొని తానే ముందు నడచినది. ముండ్లపొదలో ఐదు నిలువురాళ్లు, ఏ వ్రాతయు లేక నిలిచియున్నవి. ఆ మాట నిజమా యని మరల ఊరక నమ్మలేదు. ప్రక్క చేనివారి పాత దస్తావేజు నకలు తీయించగా, తూర్పు హద్దున మా ఇంటి పేరుతో సమాధులు అని యున్నది. ఆ హద్దు సరిగా ఆ వేపచెట్టు దగ్గరనే పోవుచున్నది.

ఐదింటిలో మా ముత్తాత ఎవరో, ఆయన తల్లి ఎవరో ఆమెకును తెలియదు. తవ్వి చూతమని మాలో ఒకడు అనెను. వానిని వారించితిమి. లోపల ఇష్టలింగములున్నవి. మన అనుమానము తీరుటకై వానిని కదల్చు అధికారము మనకు లేదు. పెద్ద గద్దెపై పలకను మేమే ఊడదీసి, సున్నము కడిగితిమి. వేపచెట్టు మొదట ఒక చిన్న రాయి నిలిపి ఐదు పేర్లును దానిపైననే వ్రాయించితిమి. ఏ రాయి ఎవరిదో వ్రాయలేదు.

మాకు జరిగినది మరి కొందరికి జరుగకుండుటకే ఈ వివరము. ఊరివారికి చెప్పక పలక బిగింపరాదు. బిగింపదలచినచో ఒక శివరాత్రి గడచువరకు ఆగవలెను. ఆ గద్దెకు మరియొక దిక్కున్నచో ఆ దినమున తప్పక తెలియును.

పైన కూడలసంగమము సంగతి చెప్పితిని. ఆ రక్షణ అందని సమాధులు మన నేలపై ఎన్నియో కలవు. శ్రీశైలము జలాశయము క్రింద పాలమూరు, కర్నూలు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు మునిగినవి. 1981లో ఆ ఊళ్లు ఖాళీ చేయించబడినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమున మరల కట్టిరి. ఊరి బొందలగడ్డలను ఎవరు విప్పి కట్టగలరు? సప్తనదీ సంగమమునందలి సంగమేశ్వరము వలెనే, నీరు బాగుగ తగ్గిన వేసవులలో కొన్ని పాత ఊళ్ల నేల బయటపడును. అట్టి ఊరివారు పాత గ్రామ నక్షాను చేత పట్టుకొని, జాలరుల సహాయముతో పోయి చూడవచ్చును. ఒండ్రుమట్టిలో దిగబడు ప్రమాదము కలదు గనుక ముసలివారిని, పిల్లలను తీసికొనిపోరాదు.

నీటి ముప్పు లేని ఊళ్లలో వేరొక తొందర వచ్చినది. 2019 నుండి తెలంగాణ గ్రామములలో వైకుంఠధామములు కట్టించుచు వచ్చిరి. అవి అవసరమే. కాని గోడలకు, బాటలకు యంత్రముతో నేలను చదును చేయునపుడు వ్రాత లేని రాయి యంత్రము నడుపువానికి వట్టి రాయియే. మన రుద్రభూమి అదే సర్వే నంబరులో నున్నచో, పని మొదలుకాక ముందే పంచాయతికి సమాధుల వరుసను నక్షాగ గీసి వ్రాతమూలకముగ ఇయ్యవలెను. నేడు చేతి ఫోనుతో ఆ చోటి అక్షాంశ రేఖాంశములు తీసికొనుట నిమిషపు పని. అయినను ఫోనును మాత్రమే నమ్మక, వేపచెట్టు నుండి ఎన్ని అడుగులు, బావి నుండి ఎన్ని అడుగులు అని కొలిచి ఒక కాగితము ఇంట, ఒకటి మఠమున ఉంచవలెను. చెట్టు పడిపోయినను బావి యుండును.

మా నక్షాలో ఐదు రాళ్లతో పాటు ఆ ముసలమ్మగారి పెద్దవ్వ గద్దెను కూడ గుర్తించి, వేపచెట్టు నుండి దూరము వ్రాసి పెట్టితిమి. ఆమె 2016లో లింగైక్యురాలయ్యెను. ఆ గద్దె ప్రక్కనే ఆమెకును సమాధి చేసిరి. పిల్లలందరు బ్రతుకు తెరువు కొరకు మహారాష్ట్రమున నున్నారు. గత సంవత్సరము ఆమె మనుమడు భివండి నుండి ఫోను చేసి, “మా అవ్వ సమాధి ఏడనో నాకు సరిగ ఎరుక లేదు, మీకు ఎరుకనట గదా?” అని అడిగెను. ఆ కాగితపు నకలు మరునాడే టపాలో పంపితిని.